సమభాగముల వాద్యబృందము

క్యూబా ద్వీపపు సంగీతమును గూర్చి మాటలాడునపుడు మనవారికి స్ఫురించునవి కొందఱు గాయకుల పేర్లు, హవానా నగరపు పేరు, ఒకటి రెండు చలనచిత్రములు మాత్రమే. ఆ ద్వీపపు దక్షిణతీరమున, హవానాకు సుమారు 250 కిలోమీటర్ల దూరమున, చెఱకు పొలముల నడుమ, ఒక విశాలమైన అఖాతపు టొడ్డున నెలకొన్న సియెన్‌ఫ్వేగోస్ అను పట్టణమునందు 1939 సెప్టెంబరు 30వ తేదీన ఒక చిన్న నృత్యవాద్యబృందము ఏర్పడి, స్థాపకుడు గతించినను, నాయకులు మారినను, దేశపు రాజ్యవ్యవస్థయే తలక్రిందులైనను విచ్ఛిన్నము గాక, ఎనిమిది దశాబ్దములు దాటిన పిమ్మట సైతము అదే పేరుతో కచేరీలు చేయుచున్నదను సంగతి సంగీతప్రియులలో కూడ కొలదిమందికే తెలియును. ఆ బృందము పేరు ఒర్కెస్తా ఆరగోన్. ఒక కళాసంస్థ ఇంతకాలము నిలుచుటకు హేతువేమని విచారించినపుడు నాకు దృఢముగా తోచినది ఇది: ఆ వాద్యకారులు తమ సంపాదనను పంచుకొన్న విధమునందును, నాట్యమాడువారి పాదములను గౌరవించిన విధమునందును ఆ సంస్థయొక్క దీర్ఘాయువు ఇమిడియున్నది, వ్యక్తుల ప్రతిభ, అది యెంతటిదైనను, అటుపిమ్మటి మాట.

క్యూబాలోని పట్టణములు అనేకము స్పానియుల చేతిమీదుగా వెలసినవి కాగా, సియెన్‌ఫ్వేగోస్‌ను 1819లో ఫ్రెంచి వలసదారులు స్థాపించిరి. తిన్నగా గీతగీచినట్లున్న వీథులు, 1890లో తెఱువబడిన తొమాస్ టెర్రీ నాటకశాల, పాతనగరమునకు 2005లో లభించిన యునెస్కో గౌరవము, ఇవన్నియు చూపరులకు ముచ్చట గొలుపును. కాని ఆ నాటకశాలకు ఎవరి పేరు పెట్టిరో ఆ ధనికుడు చెఱకుతోపాటు బానిసల వ్యాపారమువలన గూడ ఐశ్వర్యము గడించినవాడన్నది మఱవరాదు. ఆ పట్టణపు సంగీతమునకు రెండు మూలములు. రెండును ఆ చరిత్రలోనివే. హయితీలో బానిసలు తిరుగుబాటు చేసినపుడు క్యూబాకు పారిపోయి వచ్చిన ఫ్రెంచి కుటుంబములు తమతో గొనివచ్చిన జంటనాట్యము ఒకటి. చెఱకుతోటల బానిసశాలలలో ఆఫ్రికా ప్రజలు ప్రాణముతో సమానముగా కాపాడుకొన్న డోలువాద్యముల లయ రెండవది. ఈ రెండును కలిసి పెరిగి పెరిగి 1879లో మతాంజాస్ నగరమున మిగెల్ ఫైల్దె అను మిశ్రజాతి వాద్యకారుని చేతిలో డాన్సోన్ అను నాట్యసంగీతముగా రూపుదాల్చెను. వేణువు, వయొలిన్లు ప్రధానముగాగల చరంగ అను వాద్యసమూహము ఆ డాన్సోన్ నీడనే వర్ధిల్లెను.

ఆ కాలమున క్యూబా పట్టణములలో తెల్లవారి వినోదసంఘములు వేరు, నల్లవారివి వేరు, మిశ్రజాతివారివి మఱికొన్ని చోట్ల వేరు. ఒకరి నాట్యమందిరమున మఱియొకరు అడుగిడరు. అయినను ఆ మందిరములన్నింటను వాయించుటకు పిలువబడువారు తఱచుగా ఒకే వాద్యకారులు. వారములో ఒక రాత్రి ఒక సంఘమునకు, మఱునాటి రాత్రి ఇంకొక సంఘమునకు వాయించి, తెల్లవాఱుజామున వాద్యములు మోసికొని ఇంటికి నడచిపోవు ఆ మనుష్యులకు సమాజపు అసమానత గ్రంథములు చదివి తెలిసికొనవలసిన విషయము కాదు.

ఈ సందర్భములోనే ఒరెస్తెస్ ఆరగోన్ అను బాస్ వాద్యకారుడు తన మిత్రులను చేర్చుకొని బృందమును స్థాపించెను. మొదట దానికి రిత్మికా 39 అని పేరు; కొలదికాలమునకే స్థాపకుని పేరు వచ్చి చేరెను. నాట్యవాద్యబృందములలో సామాన్యముగా నడచు పద్ధతి ఏమనగా, నాయకుడే ఒడంబడిక కుదుర్చుకొనును, నాయకుడే సొమ్ము పుచ్చుకొనును, తక్కినవారికి రాత్రికూలి ముట్టజెప్పి మిగిలినది తాను ఉంచుకొనును. ఆరగోన్ దీనిని త్రోసిపుచ్చెను. బృందమును సహకారసంఘము వలె నడపి, వచ్చిన రాబడిని అన్నదమ్ముల పాళ్ళవలె అందఱికి సమముగా పంచు నియమమును ఏర్పఱచెను. వేణువు వాయించి సభను ఉఱ్ఱూతలూపినవానికిని, మూలన నిలుచుండి సొరబుఱ్ఱను గీచినవానికిని ఒకే భాగము. ఇది ఆదర్శవాదుల ప్రకటనలలో వినుటకు ఇంపుగానే యుండును; కాని చేతికి వచ్చిన సొమ్మును రాత్రి రెండు గంటలకు బల్లమీద పోసి లెక్కించునపుడు ఆచరించుట ఎంత కష్టమో, ఏదైన నాటకసమాజముతోనో భజనమండలితోనో సంబంధమున్న మనవారెవరికైనను తెలియును.

1948లో ఆరగోన్ వ్యాధిగ్రస్తుడై వైదొలగవలసివచ్చినపుడు, బాలుడుగా బృందమున చేరిన రఫాయెల్ లాయ్ అను వయొలిన్ వాద్యకారుడు నాయకత్వమును స్వీకరించెను. అప్పటికి అతనికి ఇరువదియేండ్లు మాత్రమే దాటినవి. ఆ యువకుడు బృందమునకు తన పేరు పెట్టుకొనలేదు. స్థాపకుని పేరునే, స్థాపకుని పంపకపు నియమమునే నిలబెట్టెను. కళాచరిత్రలో ఇట్టి సంఘటనలకు పెద్దగా పుటలు కేటాయింపరు. నా దృష్టిలో మాత్రము ఆరగోన్ బృందపు చరిత్రయందు ఇంతకంటె ముఖ్యమైన ఘట్టము లేదు.

ఇక వారి నాదమును గూర్చి కొంచెము నిదానముగా చెప్పవలసియున్నది. చరంగలో బాకాలు లేవు. కొయ్యతో చేసిన ఐదు మీటల ఫ్రెంచి వేణువు, రెండు మూడు వయొలిన్లు, పియానో, బాస్, లోహపు గుల్లలుగల రెండు చిన్న డోళ్ళు, చేతితో వాయించు కోంగా డోలు, గ్విరో అను గీతల బుఱ్ఱ, ఇంతే దాని సామగ్రి. వేణువును ఎక్కువగా దాని అత్యున్నతమైన సప్తకమునందే వాయింతురు. మైకులు లేని కాలమున, వందలాది పాదముల రాపిడిని దాటి నాదము గోడదాక వినబడవలెనన్న అంత ఎత్తునకు పోక తప్పలేదు. అవసరము కొఱకు పుట్టిన ఆ ఎత్తు క్రమముగా అందమైనది. గ్విరో యనగా ఎండబెట్టిన పొడవాటి సొరబుఱ్ఱ. దానిమీద అడ్డముగా దగ్గఱదగ్గఱగా గాట్లు పెట్టి, సన్నని పుల్లతో గీయుదురు. ఒక దీర్ఘమైన గీపు, వెంటనే రెండు హ్రస్వమైనవి, మరల దీర్ఘము. వినినంత మాత్రమున దీనిని పసివాడైనను వాయింపగలడని తోచును. కాని ఆ దీర్ఘపు గీపు ఎంతవఱకు సాగవలెను, ఎక్కడ మణికట్టు తిరుగవలెను అనుదానిమీదనే బృందమంతటి నడక ఆధారపడియుండును. సొరబుఱ్ఱ వాద్యకారునికి సమభాగ మిచ్చుట దయాధర్మము కాదనుటకు ఆ నడకను ఒక్కసారి చెవియొగ్గి వినుటయే చాలును.

వయొలిన్ సంగతి మన తెలుగువారికి మఱింత ఆసక్తి కలిగింపదగినది. విజయనగర సంగీతకళాశాలలో ఆచార్యులై, 1936లో అధ్యక్షులైన ద్వారం వేంకటస్వామినాయుడుగారి చేతిలో ఆ విదేశీ వాద్యము మానవకంఠమునకు దీటుగా పలికి, స్వతంత్రకచేరీకి తగిన గౌరవమును పొందినది. సియెన్‌ఫ్వేగోస్‌లో అదే వాద్యము పూర్తిగా వేఱొక ధర్మమును స్వీకరించెను. పాట పూర్వభాగము ముగిసి, గాయకులు ఒక చిన్న పల్లవిని పదేపదే పాడు ఉత్తరభాగము ప్రారంభమైనపుడు, వయొలిన్లన్నియు ఒక్కటై నాలుగైదు స్వరముల గుచ్ఛమును ఎడతెగకుండ తిప్పుచు పోవును. వాటి కమాను కదలిక డోలుమీద చేతి దెబ్బకు సమానమగును. రాగమును పలుకుటకు నిర్మింపబడిన వాద్యము తాళమును మోయుచుండగా దానిపై వేణువు స్వేచ్ఛగా కల్పన చేయును. ఒకే పరికరము రెండు ఖండములలో రెండు జాతుల చేతులలో ఇంతటి భిన్నమైన పరిపూర్ణతను పొందుట నాకు ఎప్పుడును ఆశ్చర్యము గొలుపుచునే యుండును.

1950వ దశకపు ఆరంభమున హవానాలో ఎన్రికె హొర్రీన్ అను వయొలిన్ వాద్యకారుడు, ఆమెరికా అను పేరుగల చరంగకు వాయించుచు ఒక విషయము గమనించెను. డాన్సోన్‌నుండి పుట్టిన కొత్త సంగీతపు లయ చిక్కుపడి, దెబ్బ పడవలసినచోట పడక ముందుగానో వెనుకగానో పడుటవలన నాట్యమాడువారిలో పెక్కుమంది తడబడుచుండిరి. అతడు వారిని నిందింపలేదు. తాళపు మొదటి దెబ్బమీద స్వరము స్పష్టముగా నిలుచునట్లు కూర్చి, వాద్యకారులందఱు ఏకకంఠముగా పాడునట్లు ఏర్పాటు చేసెను. అడుగు నేలమీద మూడుసార్లు రాయు చప్పుడుతో జతగూడిన ఆ నాట్యమే చా-చా-చా. హొర్రీన్ రచించిన పాట 1953లో రికార్డుగా వెలువడి ద్వీపమంతట వ్యాపించెను. ఒక విద్వాంసుడు సామాన్యుల తడబాటును చూచి తన శాస్త్రమును సవరించుకొనుట అను ఈ ఘటన సంగీతచరిత్రలో స్వర్ణాక్షరములతో వ్రాయదగినది. ఎందుకనగా, కూర్చుండి వినువారికొఱకు రచింపబడినదే ఉత్తమకళయనియు, లేచి ఆడువారికొఱకు రచింపబడినది తక్కువరకమనియు మనలో పాతుకొనియున్న తారతమ్యమును ఆ ఒక్క సవరణ పటాపంచలు చేయుచున్నది. ఆడువాని పాదము అబద్ధమాడదు. వానికి నచ్చకున్నచో మర్యాదకై చప్పట్లు చఱచడు. తిన్నగా పోయి గోడప్రక్క కుర్చీలో కూర్చుండును.

చా-చా-చా పుట్టినది హవానాలోనైనను, దానిని పరిపక్వము చేసినది సియెన్‌ఫ్వేగోస్ వారే. 1953లో ఆరగోన్‌వారికి ఆర్.సి.ఏ. విక్టర్ సంస్థతో ఒడంబడిక కుదిరెను. దశకపు నడిమి సంవత్సరములలో రిచర్డ్ ఎగ్వెస్ అను వేణువిద్వాంసుడు వచ్చి చేరెను. ఇతడు 1923లో సియెన్‌ఫ్వేగోస్‌కు చేరువనున్న క్రూసెస్ అను ఊర జన్మించి, సంగీతగురువైన తండ్రివద్ద పలువాద్యములు అభ్యసించినవాడు. పేటలో కిరాణాకొట్టు నడుపు వర్తకుని కథానాయకునిగా చేసి ఇతడు రచించిన ఎల్ బొదెగేరో అను చా-చా-చా స్పానిషుభాష మాటలాడు దేశములన్నింట మారుమ్రోగెను. అమెరికా గాయకుడు నాట్ కింగ్ కోల్, స్పానిషు రానివాడైయుండియు, 1958లో వెలువడిన తన స్పానిషు పాటల సంపుటమున దానిని పాడెను. రాజులు, వీరులు, విరహిణులు ఏలుచుండిన పాటల లోకమునకు పప్పులు, దుంపలు తూచి యిచ్చు కొట్టువాడు నాయకుడగుట సామాన్యమైన మార్పు కాదు.

ఇచ్చట ఒక ఆక్షేపము రావచ్చును. ఎగ్వెస్ వచ్చినపిదపనే గదా ఆరగోన్‌వారికి విశ్వఖ్యాతి లభించినది. అట్టి అసమాన ప్రతిభావంతునికిని, సొరబుఱ్ఱ గీచువానికిని సమభాగమేమి న్యాయము అని అడుగువారు ఉందురు. ఈ ప్రశ్న తేలికగా కొట్టివేయదగినది కాదు. ప్రతిభకు తగిన ప్రతిఫలము లేనిచోట ప్రతిభ నిలువదను లోకానుభవము దీనికి వెనుకనున్నది. కాని ఎగ్వెస్ వేణువు చేసిన అద్భుతమునంతటిని ఆలోచించి చూడుడు. అతడు ఊహించి ఊహించి ఎక్కడెక్కడికో పోయి మరల ఠీవిగా పల్లవిపై వచ్చి వ్రాలుటకు, క్రింద వయొలిన్లు, డోళ్ళు, బుఱ్ఱగీపు ఒక్క క్షణమైనను చెదరక మోయుచుండవలెను. అట్లు మోయువారు రేపు ఎక్కువ కూలి యిచ్చు బృందమునకు పోవుదురేమో అను భయమున్నచోట ఏ వేణువును అంత దూరము పోజాలదు. మూడు దశాబ్దములపాటు అతడు ఆ బృందమును విడువకుండుటయే ఈ ఆక్షేపమునకు సమాధానము. సమభాగము అతని ప్రతిభను బంధింపలేదు, దానికి తావు కల్పించెను.

1959లో విప్లవము జయించిన పిమ్మట క్యూబాలో వాద్యకారులు క్రమముగా రాజ్యమునుండి జీతము పొందువారైరి. 1968లో మద్యశాలలును రాత్రివినోదశాలలును మూయబడినపుడు నాట్యబృందములకు గడ్డుకాలము వచ్చెను. ఆరగోన్‌వారు నిలిచిన దానికి రాజ్యపు జీతమే కారణమని చెప్పుట సులభము. అది కొంతవఱకు నిజము గూడ. అయినను అదే జీతము పుచ్చుకొన్న ఎన్నియో బృందములు కాలక్రమమున చీలిపోయినవి, కొన్ని పేరుకే మిగిలినవి. జీతము కడుపు నింపును, కలిసియుండుట నేర్పదు. అది ఆరగోన్‌వారు అంతకు ఇరువదియేండ్లముందే నేర్చుకొనియుండిరి.

వారి పాట ఆఫ్రికాలో పొందిన ఆదరము ఒక ప్రత్యేకవ్యాసమునకు తగిన విషయము. 1930వ దశకమునుండియే క్యూబా గ్రామఫోను రికార్డులు పశ్చిమ, మధ్య ఆఫ్రికా రేవుపట్టణములకు చేరుచుండెను. బానిసఓడలలో సముద్రము దాటిపోయిన లయ ఒకటిన్నర రెండు శతాబ్దముల అనంతరము నల్లని పళ్ళెములమీద పుట్టింటికి మరలివచ్చినపుడు, అక్కడి జనులు దానిని పరాయిదనుకొనలేదు. కాంగోలో అది గిటారు వాద్యముతో కలిసి రుంబాగా మారెను; 2021లో యునెస్కో ఆ కాంగో రుంబాను మానవజాతి వారసత్వమున చేర్చెను. సెనెగల్‌లో గాయకులు స్పానిషు అర్థము తెలియకున్నను శబ్దమును బట్టి పాటలు వల్లించిరి. 1960లో స్వతంత్రమైన మాలీ దేశము 1964లో కొందఱు యువకులను సంగీతవిద్యకై హవానాకు పంపగా, వారు చరంగ పద్ధతిలో మరవీయాస్ ద మాలి అను బృందమును కట్టి రికార్డులు చేసిరి. 1970వ దశకమున ఆరగోన్‌వారు స్వయముగా ఆఫ్రికాలో పర్యటించినపుడు వారిని విదేశీయులుగా కాక, చిరకాలమునకు వచ్చిన చుట్టములుగా జనులు ఎదుర్కొనిరి. ఒక పట్టణపు నాట్యమందిరమునకై కూర్చిన సంగీతము, ఆ పట్టణముపట్ల విశ్వాసపాత్రమైయుండుటవలననే ఇంతటి దూరము పోగలిగినదని నా నమ్మకము. అందఱికి నచ్చవలెనని మొదటినుండి తలపోసి చేసిన సంగీతము సాధారణముగా ఎవరి పాదమును కదల్పదు.

1982లో రఫాయెల్ లాయ్ రహదారి ప్రమాదమున మరణించెను. రెండేండ్లు ఎగ్వెస్ నాయకత్వము వహించి, 1984లో వైదొలగెను. ఇక బృందము ముగిసినట్లేయని తలచినవారు అప్పుడు ఉండియుందురు. లాయ్ కుమారుడు, ఆయనయు వయొలిన్ వాద్యకారుడే, నాయకుడయ్యెను. 2019లో బృందము తన ఎనుబదియవ వత్సరమును జరుపుకొన్నది. పాత పాటలనే మరల మరల వాయించి ఆ బృందము ప్రదర్శనశాలలోని వస్తువు వలె అయినదని కొందఱు విమర్శకులు అందురు. వారి మాటలో కొంత సత్యము లేకపోలేదు. 1950వ దశకమున ఉండిన నిత్యనూతనత్వము ఏ సంస్థకును ఎనుబదియేండ్లు ఉండదు. కాని ఎల్ బొదెగేరో మొదలిడగానే లేచి ఆడు మనుమలు, తాతలు ఒకే గచ్చుమీద ఉన్నంతకాలము దానిని ప్రదర్శనశాల వస్తువనుట సరికాదు. నేడు ఆ బృందమునకు వచ్చిన ముప్పు పాటల పాతదనమువలన కాదు. 2024 అక్టోబరులో క్యూబా దేశమంతట విద్యుత్తు ఆగిపోవునంతటి దుర్దశ దాపురించినది. కొన్ని యేండ్లుగా యువకులు లక్షలాదిగా దేశము విడిచిపోవుచున్నారు. వేణువు నేర్వవలసిన బాలుడు వలసపోయినచో అతనికి నేర్పవలసిన గురువునకు ఏ జీతమిచ్చి ఏమి ప్రయోజనము?

ఈ సంగతులు మనకేల యని పాఠకులు అడుగవచ్చును. హైదరాబాదులో సాల్సా నాట్యము నేర్పు శాలలు నేడు పెక్కు కలవు. అమెరికాలోని మన పిల్లలు విశ్వవిద్యాలయములలో ఈ నాట్యమును అభ్యసించుచున్నారు. న్యూయార్కులో 1964లో జానీ పచేకో అను వేణువాద్యకారుడు మఱియొకనితో కలిసి ఫానియా అను రికార్డు సంస్థను స్థాపించి సాల్సాను లోకమునకు పంచెను. ఆ పచేకో సైతము తన తొలి కీర్తిని గడించినది చరంగతోనే. అనగా మన పిల్లలు నేర్చు అడుగులలో సియెన్‌ఫ్వేగోస్ గచ్చు ఉన్నది. అయినను వారిలో ఎక్కువమంది నిజమైన వాద్యబృందము ఎదుట ఒక్కమాఱైనను ఆడియుండరు. అద్దాల గదిలో యంత్రమునుండి వెలువడు పాటకు ఎనిమిది అంకెలు లెక్కపెట్టుచు అడుగులు నేర్తురు. పండుగగా జరుపు నాట్యోత్సవములలో గూడ బసకు, శిక్షకులకు, దీపాలంకారములకు వ్యయము చేసి, సంగీతమును మాత్రము రికార్డులకు వదలివేయుదురు. రికార్డు ఎంత గొప్పదైనను ఆడువానిని చూడలేదు. వాడు అలసినచో నిదానింపలేదు, వాడు ఉత్సాహించినచో పల్లవిని మఱి నాలుగు ఆవృత్తములు పొడిగింపలేదు. హొర్రీన్ ఆనాడు చూచినట్లు పాదములను చూడగల కన్నులు వాద్యకారులకే కలవు.

కావున నాట్యశాలలు నడుపువారికిని, ప్రవాసాంధ్ర సంఘములవారికిని నేను చేయు మనవి ఒక్కటే. మీరు జరుపు ఉత్సవములలో ఒక్క రాత్రియైనను సజీవ వాద్యబృందమునకు కేటాయింపుడు. మయామీలో, న్యూయార్కులో, పారిసులో చరంగ వాయించువారు ఉన్నారు. ఆరగోన్‌వారు స్వయముగా విదేశములకు వచ్చినపుడు ముందుగా చీటీలు కొని పిల్లలను వెంటబెట్టుకొని పొండు. పిలుచునపుడు పేరుమోసిన గాయకుని ఒక్కనిని పిలిచి, స్థానికముగా దొఱికిన వాద్యకారులను అతని వెనుక నిలబెట్టు పొదుపును మానుడు. బృందమును బృందముగానే పిలువుడు, సొరబుఱ్ఱ గీచువాని విమానపు ఖర్చుతో సహా.